నాయకుని తరువాత ఎవరు?

ఊరిలో సంఘము పెట్టుట అంత కష్టమైన పని కాదు. నలుగురు పెద్దలు రచ్చచెట్టు క్రింద కూర్చుందురు. ఒకరిని అధ్యక్షుడుగను, వ్రాత తెలిసిన మరియొకరిని కార్యదర్శిగను, చేతికి ఎముక ఉన్న ఇంకొకరిని కోశాధికారిగను ఎన్నుకొందురు. క్రొత్త పుస్తకమునకు పసుపు పెట్టి మొదటి తీర్మానము వ్రాయుదురు. తొలి సంవత్సరము ఉత్సాహముతోనే గడచిపోవును. చిక్కంతయు ఆ తరువాత వచ్చును. పెట్టిన పెద్ద జబ్బుపడినను, ఊరు విడిచిపోయినను, చెరసాలకు వెళ్లినను, మరుసటి సమావేశమును పిలుచువారెవరు? లెక్కల పుస్తకము ఎవరి చేతికి వచ్చును? ఆ పుస్తకమును అందుకొనువానికి ఆ పని ముందుగా ఎవరైన నేర్పినారా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొనలేక అణగిపోయిన సంఘములు మన దేశమున లెక్కకు మిక్కిలి. మహావృక్షము నీడలో మరియొక మొక్క ఎదుగదని పెద్దలు ఊరక అనలేదు. మన ఉత్తర కోస్తాలో, ఇచ్ఛాపురము మొదలు విజయనగరము వరకు గల జమీందారీ సీమలో, రైతులు సంఘములుగ కూడిన కాలమున ఈ ప్రశ్న ఎట్లు ఎదురయ్యెనో, దానికి వారు ఎట్టి జవాబులు వెదకిరో పరిశీలించుట ఈ ప్రసంగ ముద్దేశము. ఆ రైతులు ఒకరినొకరు అన్నా, తమ్ముడా అని పిలుచుకొన్న సోదరులు. ఆ సోదరత్వమునకు ప్రభుత్వోద్యోగము వలె జీతము లేదు, పింఛను లేదు. కనుకనే అందులో పదవి చేతులు మారుట కేవలము నమ్మకముపై ఆధారపడిన విషయము.

మొదట ఈ సీమ స్థితిని జ్ఞప్తికి తెచ్చుకొందము. 1802లో శాశ్వత పరిష్కారము అమలైన నాటినుండి ఇక్కడి భూమిలో అధిక భాగము జమీందారుల చేతిలో నుండెను. విజయనగరము, బొబ్బిలి, కురుపాము, పర్లాకిమిడి, టెక్కలి, మందస మొదలగు సంస్థానముల పేర్లు మన తాతలకు నిత్యము నోటనుండెడి పేర్లు. 1908లో మద్రాసు ఎస్టేటు భూముల చట్టము వచ్చి, రైతునకు సాగుహక్కు కలదని ఒప్పుకొన్నది. పట్టా ఇవ్వవలెను, చెల్లించిన శిస్తునకు రసీదు ఇవ్వవలెను అని నిర్దేశించినది. చట్టము కాగితముపై ఉన్నది. రైతునకు అక్షరములు రావు. శిస్తు చెల్లించి రసీదు లేక తిరిగివచ్చినవాడు, మరుసటి యేడు మరల బాకీదారుగ నిలువవలసినదే. అడవిలో కట్టెపుల్ల విరిచినను, బంజరులో పశువును మేపినను, ఠాణాకు సమాధానము చెప్పవలసినదే.

ఇట్టి చోట రైతు సంఘ కార్యదర్శి ఏమేమి తెలిసియుండవలెనో ఆలోచింపుడు. పట్టాను చదువగలుగవలెను. రసీదులోని అంకెలను రైతు చెప్పిన అంకెలతో సరిచూడగలుగవలెను. కలెక్టరుకు అర్జీ వ్రాయగలుగవలెను. అణా చొప్పున వసూలైన చందాను అణాతో సహా అప్పగింపగలుగవలెను. అన్నిటికిని మించి, ఠాణాదారు గద్దించినపుడు గొంతు వణకకుండ మాటాడవలెను. ఇవి పుట్టుకతో వచ్చు విద్యలు కావు. ఒకరు నేర్పవలెను, మరియొకరు నేర్చుకొనవలెను. అందుచేతనే రైతు ఉద్యమమున సంఘము వెనువెంటనే బడి కూడ పుట్టినది.

1928లో ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘము ఏర్పడినది. దానికి ప్రాణము పోసినవారిలో ఆచార్య గోగినేని రంగనాయకులుగారు ముఖ్యులు. గుంటూరు మండలము నిడుబ్రోలున 1900లో రైతు కుటుంబమున జన్మించి, ఆక్స్‌ఫర్డున అర్థశాస్త్రము చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులైన ఆయన, పాఠము చెప్పు అలవాటును రాజకీయములలోనికి కూడ వెంటతెచ్చుకొనిరి. 1930వ దశకము తొలిభాగమున తమ స్వగ్రామమైన నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయమును నెలకొల్పిరి. పల్లెలనుండి వచ్చిన యువకులను సంఘ కార్యకర్తలుగ తీర్చిదిద్దుట దాని పని.

ఈ ఊహ లోకమున ఎన్నడును లేనిది కాదు. డెన్మార్కు దేశమున గ్రుంట్‌విగ్ అను మతాచార్యుని బోధ ననుసరించి 1844లో రోడింగ్ గ్రామమున రైతుబిడ్డలకు ఉన్నత జనవిద్యాలయము తెరచిరి. పరీక్షలు, పట్టములు అక్కరలేని ఆ బడులనుండి వెడలినవారు తరువాతి కాలమున ఆ దేశపు పాల సహకార సంఘములకు వెన్నెముక అయిరి. ఫ్రీమేసనులు అను సోదర సమాజమువారి పద్ధతి మరియొక తీరు. వారి లాడ్జీలలో అధ్యక్షపీఠము ఏటేటా చేతులు మారుట ఆచారము. ఆ పీఠమెక్కువాడు ముందుగా చిన్న పదవులను ఒక్కొక్కటిగ నిర్వహించి, పని తెలిసికొని పైకి రావలెను. డెన్మార్కువారు బడిని నమ్మిరి. లాడ్జీవారు మెట్లను నమ్మిరి. మన రైతు సంఘమువారికి బడి దొరికినది. మెట్లు దొరికినవా అనునది ముందు చూతము.

1937 ఫిబ్రవరి ఎన్నికలు ఉత్తర సీమను కుదిపివైచినవి. మద్రాసు ప్రభుత్వమునకు ప్రధానిగ నుండిన బొబ్బిలి రాజాగారిని, వారి స్వస్థలమైన బొబ్బిలిలోనే కాంగ్రెసు అభ్యర్థి వరాహగిరి వేంకటగిరిగారు ఓడించిరి. రాజు ఓడిపోవుట తమ కన్నులతో చూచిన రైతునకు, తన మాటకు కూడ విలువ కలదని తోచుట సహజము. ఆ యేడాది శీతకాలముననే రైతు సంఘము ఒక మహాయాత్ర తలపెట్టినది. ఆ యాత్ర బయలుదేరిన చోటు మన ఇచ్ఛాపురము.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు గంజాము మండలము చీలిపోయి, ఇచ్ఛాపురము మద్రాసు రాజధాని ఉత్తరపు అంచున మిగిలినది. రెండేండ్లు నిండకముందే ఆ అంచునుండియే రైతులు అడుగు వైచిరి. రెండువేలమందికి పైగా కర్షకులు 130 దినములు నడచి, 9 జిల్లాలు దాటి, 1,500 మైళ్లు ప్రయాణము చేసిరి. సగటున దినమునకు 11 మైళ్లకు పైమాట. దారిపొడుగున వందలకొలది సభలు జరిగినవి. 1,100కు పైగా అర్జీలు ప్రోగైనవి. 1938 మార్చి 27న వానిని మద్రాసు శాసనసభకు సమర్పించిరి.

ఈ యాత్రను ప్రదర్శనగనే చెప్పుకొనుట వాడుక. కాని నాకు తోచినంతవరకు అది నడచు పాఠశాల. ఒక అర్జీ పుట్టుటకు ఎన్ని పనులు జరుగవలెను! ఊరివారిని ఒకచోట చేర్చవలెను. పదిమంది పది విధములుగ చెప్పు కష్టములను విని, అందులో చట్టమునకు అందునది ఏదో, కేవలము కడుపుమంట ఏదో వేరుచేయవలెను. దానిని కాగితముపై పెట్టి, చదివి వినిపించి, వ్రేలిముద్రలు వేయించవలెను. ఇట్లు 1,100 పర్యాయములు జరిగినది. దారిలోని పల్లెలలో ఆ పని చూచినవారికి, చేసినవారికి, అంతకుమించిన కార్యదర్శి శిక్షణ మరేమి కావలెను? అదివరకే, 1937లో, రాజగోపాలాచారిగారి మంత్రివర్గము జమీందారీ సమస్యను విచారించుటకు టంగుటూరి ప్రకాశముగారి నాయకత్వమున సంఘమును నియమించియుండెను. 1938లో ఆ సంఘము తన నివేదిక ఇచ్చినది. రైతు కష్టము సర్కారువారి పుస్తకములలోనికి ఎక్కుటకు కాలము కలిసివచ్చినది.

అదే కాలమున గుంటూరు మండలములోని కొత్తపట్నము, మంతెనవారిపాలెము మొదలగు చోట్ల వేసవి రాజకీయ పాఠశాలలు నడచినవి. పి. సి. జోషి, అజయ్ ఘోష్, ఆర్. డి. భరద్వాజ్ వంటి వామపక్ష నాయకులు వచ్చి భారతదేశ చరిత్ర, స్వాతంత్ర్య పోరాట చరిత్ర, మార్క్సు సిద్ధాంతము, దేశ ఆర్థిక స్థితి మొదలగు విషయములపై ఉపన్యసించిరి. ఆ శిబిరములకు కావలసిన డబ్బును, ధాన్యమును రైతులే సమకూర్చిరి. తమ పిల్లవాండ్రకు చదువు చెప్పించినట్లే తమ సంఘమునకు కాబోవు నాయకులకు చదువు చెప్పించుకొనిరి.

ఇచట రెండు విషయములు గమనింపవలసియున్నవి. నేను పేర్కొన్న మూడు బడులును అప్పటి గుంటూరు మండలములోనివే. మందసనుండియో, సాలూరునుండియో ఒక పేద రైతుబిడ్డ అచటికి పోయి వారములకొలది ఉండుట ఎంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. జమీందారీ బరువు ఎక్కువైన సీమకు బడి దూరమైనది. ఇక రెండవది. నిడుబ్రోలు గురువు ఒకరు, కొత్తపట్నము గురువులు వేరొకరు. ఇరువురును రైతు బాగునే కోరిరి. కాని రేపటి రాజ్యము ఎట్లుండవలెనను విషయమున వారి పాఠములు వేరు. ఒకే సంఘమునకు రెండు బడులనుండి వారసులు తయారగుచున్నారు. వారిలో పీఠము ఎవరిదో తేల్చు నియమము మాత్రము గట్టిపడలేదు.

అఖిల భారత కిసాన్ సభలో పీఠము చేతులు మారుచుండినమాట నిజమే. 1936 ఏప్రిలులో లక్నోలో ఆ సభ పుట్టినపుడు స్వామి సహజానంద సరస్వతిగారు అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. ఆ యేటి డిసెంబరున ఫైజ్‌పూరులో రంగాగారే అధ్యక్షులైరి. 1938లో కొమిల్లాలో మరల సహజానందులు, 1939లో గయలో ఆచార్య నరేంద్రదేవుగారు ఆ పదవి వహించిరి. 1940 మార్చిలో సభ మన పలాసలో జరుగవలెనని నిశ్చయమైనది. కలకత్తా మద్రాసుల నడిమి రైలుమార్గముపై నున్న ఆ చిన్న ఊరు కొన్నిదినములు అఖిల భారత రైతులకు ముఖ్యపట్టణమైనది.

ఆ సభకు అధ్యక్షులుగ ఎన్నికైనవారు మహాపండితుడు రాహుల్ సాంకృత్యాయనుగారు. సభ జరుగునాటికి ఆయనను ప్రభుత్వము నిర్బంధించినది. ఎన్నుకొన్న అధ్యక్షుడు చెరసాలలో, సభ పందిటిలో! అయినను సభ ఆగలేదు. ఆ ఏర్పాటులలో ముందు నిలిచినవారిలో బారువ గ్రామమున 1909లో జన్మించిన గౌతు లచ్చన్నగారు ఒకరు. పరీక్షాసమయమున పీఠము ఖాళీగ నున్నను పని నడచుటయే సంఘము బ్రతికియున్నదనుటకు గుర్తు. పలాస ఆ పరీక్షలో నెగ్గినది.

కొద్దిదినములకే అంతకంటె కఠినమైన పరీక్ష వచ్చినది. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున అడవి కలప విషయమున రైతులకును అధికారులకును నడుమ పెనుగులాట జరిగి, పోలీసులు కాల్పులు జరిపిరి. ముందు నిలిచిన సాసుమాన గున్నమ్మ ఆ తుపాకి గుండ్లకు నేలకొరిగినది. ఆమెతోపాటు మరికొందరు రైతులు ప్రాణములు కోల్పోయిరి. వీరగున్నమ్మ అని ఈ సీమ నేటికిని ఆమెను తలచుకొనుచున్నది. ఆమె అధ్యక్షురాలు కాదు, కార్యదర్శి కాదు. పొలముపని చేసికొను రైతు ఇల్లాలు. నాయకులను తయారుచేయు బడులు గుంటూరు మండలమున నడచుచుండగా, నాయకత్వము మందస అడవి అంచున, ఎవరును ఎదురుచూడని చోట పుట్టినది.

ఇట్టిదే ఐర్లండు చరిత్రలో కూడ కనబడును. అచటి రైతుల భూసంఘ నాయకులను 1881 అక్టోబరులో చెరసాలలో పెట్టినపుడు, ఆ యేటి ఆరంభముననే ఏర్పడియుండిన స్త్రీల భూసంఘము అన్నా పార్నెల్‌గారి నాయకత్వమున ఉద్యమ భారము నెత్తుకొన్నది. పురుషులు విడుదలై వచ్చిన తరువాత, 1882లో, ఆ స్త్రీల సంఘమును చాలింపజేసిరి. అక్కరకు భారము మోసినవారిని అక్కర తీరగానే ప్రక్కకు నెట్టుట! ఏ సంఘమైనను తన వారసులను వెదకునపుడు తన కన్ను పడని చోట ఎవరున్నారో చూచుకొనవలెనని ఈ రెండు కథలును హెచ్చరించుచున్నవి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, లోగడ చెప్పిన రెండు బడుల తేడా బయటపడినది. యుద్ధమును గూర్చియు, జాతీయోద్యమమును గూర్చియు అభిప్రాయములు వేరై, కిసాన్ సభ కమ్యూనిస్టుల నాయకత్వములోనికి పోయెను. రంగాగారును, వారి అనుయాయులును వేరుదారి పట్టిరి. తప్పు ఎవరిదని తేల్చుట నా పని కాదు. కాని ఒక్కమాట చెప్పవచ్చును. ఇరుపక్షములును మంచి కార్యకర్తలను తయారుచేసినవి. అభిప్రాయభేదము వచ్చినపుడు ఒకరి తరువాత ఒకరు పీఠమెక్కి, ఓడినవారు కూడ ఇంటిలోనే ఉండు మర్యాదను మాత్రము ఏ బడియు నేర్పలేకపోయినది. చదువు ఉన్నది, మెట్లు లేవు. అందువలన ఇల్లే రెండయ్యెను.

రైతులు కోరిన ప్రధాన ఫలము మాత్రము చేతికి వచ్చినది. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టము చేసినది. జమీందారీలు రయత్వారీ క్రిందికి మారినవి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము ప్రత్యేక జిల్లా అయినది. ఠాణాలు పోయినవి. ఇక సంఘము దేనికని కొందరికి తోచియుండును. లక్ష్యము నెరవేరిన దినమున సంఘమునకు కలుగు ప్రమాదము, లక్ష్యము దూరమున నున్న దినములలో కలుగు ప్రమాదముకంటె తక్కువది కాదు.

ఆ తరువాతి కథలో ఒక అపూర్వ ఘట్టము కలదు. రంగాగారు 1951లో కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. 1959లో స్వతంత్ర పార్టీ పుట్టగా దానికి అధ్యక్షులైరి. సర్దారు అని జనము గౌరవముతో పిలిచిన లచ్చన్నగారు రంగాగారిని గురువుగ భావించి ఆ రెండు పక్షములలోను వారి వెంట నడచిరి. 1967 సాధారణ ఎన్నికలలో రంగాగారు లోకసభకు గెలువలేకపోయిరి. లచ్చన్నగారు సోంపేటనుండి శాసనసభకును, శ్రీకాకుళమునుండి లోకసభకును రెండింటికిని ఎన్నికైరి. ఆయన లోకసభ స్థానమును విడిచిపెట్టిరి. ఆ యేడే జరిగిన ఉపఎన్నికలో రంగాగారు శ్రీకాకుళమునుండి గెలిచి లోకసభకు వెళ్లిరి. గురువు తన పీఠమును శిష్యునకిచ్చుట లోకమున విన్నాము. శిష్యుడు తాను గెలిచిన పీఠమును గురువునకు సమర్పించుట అరుదు.

ఈ ఘట్టమును తలచినపుడు ఈ సీమవారి మనస్సు ఉప్పొంగుట సహజము. నాకును అట్లే అగును. అయినను చరిత్ర చెప్పువాడు చప్పట్లతో ఆగిపోరాదు. అప్పటికి రంగాగారికి 66 సంవత్సరములు. ఆ స్థానమున ఒక క్రొత్త రైతుబిడ్డను, ముప్పది యేండ్లవానిని, నిలబెట్టియుండిన ఏమగునో మనకు తెలియదు. పార్లమెంటులో రంగాగారి వాణి అవసరమని లచ్చన్నగారు తలచుటలో అన్యాయమేమియు లేదు. కాని గురుశిష్యుల అనుబంధమే నియమము స్థానమున కూర్చున్నపుడు, ఆ ఇరువురు లేని నాడు సంఘమునకు దారిచూపునదేది? స్వతంత్ర పార్టీ గతి చూడుడు. మహామేధావులు నడపిన పక్షమది. 1972 డిసెంబరులో రాజాజీ కీర్తిశేషులైరి. 1974లో ఆ పక్షము భారతీయ లోకదళములో కలిసిపోయినది. పదునైదేండ్ల ఆయుర్దాయము! పెద్దలకు కొదువలేదు, పెద్దల తరువాతివారికే కొదువ.

రంగాగారు 1995లోను, లచ్చన్నగారు 2006లోను పరమపదించిరి. ఇరువురును తొంబదియేండ్లు దాటి జీవించిన ధన్యులు. వారి త్యాగమును తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. వారు బడి పెట్టిరి, యాత్ర నడిపించిరి, చెరసాలలకు పోయిరి, పల్లెటూరి మనిషిని కలెక్టరు ముందు తలయెత్తి నిలువనేర్పిరి. వారు వదలిన పని ఒక్కటే మనకు మిగిలినది. నేర్చినవానికి కాలము చూచి పీఠము విడుచుట, విడిచినవానిని గౌరవముతో ఇంటిలోనే ఉంచుకొనుట.

ఇది పెద్ద పక్షములకే చెందిన విషయము కాదు. మన ఊరి సహకార సంఘమునకు, గ్రంథాలయమునకు, కోవెల ధర్మకర్తల సంఘమునకు, భజన సమాజమునకు కూడ ఇది వర్తించును. చేయవలసిన పనులు గొప్పవేమియు కావు. కార్యదర్శి పక్కన ఒక సహాయ కార్యదర్శిని కూర్చుండబెట్టి తీర్మానముల పుస్తకమును అతనిచేత వ్రాయించుట. ఏడాదికొక పర్యాయము లెక్కలను సభలో చదివించుట. పదవికి గడువు పెట్టి, గడువు తీరిన దినమున తాళపుచెవులను పదిమంది ముందర అప్పగించుట. ఎన్నడును పదవి పొందనివారిలో, ముఖ్యముగ స్త్రీలలో, భారము మోయగలవారెవరో కనిపెట్టుట. ఇవి చేసిన సంఘము పెద్ద మరణించినను మరణించదు.

ఇచ్ఛాపురమునుండి నడచినవారిలో అధిక సంఖ్యాకుల పేర్లు మనకు తెలియవు. కాని 1,100 అర్జీలను కూర్చునప్పుడు, ప్రతి ఊరిలో చదువు వచ్చినవాడొకడు నేలపై కూర్చుండి, పదిమంది చెప్పినది విని వ్రాసియుండును. బహుశః అతని పక్కన ఒక కుర్రవాడు సిరాబుడ్డి పట్టుకొని, ఎట్లు వ్రాయుచున్నారో చూచుచుండియుండును. ఏ సంఘమునకైనను వారసుడు ఆ కుర్రవాడే. మన సంఘముల వద్ద సిరాబుడ్డి పట్టుకొన్నవారెవరో, వారికి కలము ఎప్పుడు ఇత్తుమో, ఈ రాత్రి రేడియో కట్టివేసిన తరువాత ఒక్క క్షణము ఆలోచించి చూతము.